ఒకే గదిలో ఏడుగురు: చరిత్రపూర్వ సమాధిలో చుట్టరికాలు తేల్చిన ఒక కేసు

ప్రాచీన డీఎన్‌ఏతో చుట్టరికాలు తేల్చే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని. దేనితో పోల్చి చూస్తున్నాం అన్న ప్రశ్న చాలామందికి ఆలస్యంగా తడుతుంది. ఈ కేసు రాసిపెట్టడానికి కారణం అదే. ఇందులో ఎముకలు మారలేదు, డేటా మారలేదు, ప్రోగ్రామూ మారలేదు. పోలికకు పెట్టుకున్న మనుషులు మారిన ప్రతిసారీ ఆ సమాధిలో ఇంకో కుటుంబం కనిపించింది.

తవ్వకం జరిగిన చోటు, దేశం, కచ్చితమైన కాలం, మ్యూజియం పేరు ఇవ్వడం లేదు. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. చుట్టరికపు లెక్కలను మాత్రం ముట్టుకోలేదు.

నేపథ్యం

కొత్తరాతియుగం నాటి సమాధి. రాతి పలకలతో కట్టిన చిన్న గది, దశాబ్దాల కిందట తవ్వింది. లోపల ఏడుగురి అవశేషాలు ఉన్నాయి. ల్యాబ్‌లో మేం నంబర్లే వాడాం. చదవడానికి వీలుగా ఇక్కడ పిలుపు పేర్లు పెడుతున్నాను. గది మధ్యలో ముప్పై దాటిన ఒక స్త్రీ, ఆమె చేయి కింద ఆరేడేళ్ల బాబు. వాళ్లకు అటు పక్కన పాతికేళ్ల యువకుడు. గోడ వారగా యాభైకి దగ్గరపడ్డ పెద్దాయన. ఒక మూలకు నెట్టేసినట్టు కుప్పగా పెద్దావిడ ఎముకలు. అన్నిటికన్నా అడుగున పదేళ్ల పాప. స్త్రీ తుంటి దగ్గర ఒక పురిటికందు ఎముకలు కొన్ని.

‘పెద్దాయన’ అంటే చనిపోయేనాటికి వయసు ఎక్కువ అని మాత్రమే. ఎవరికో తండ్రి అని కాదు. పాతికేళ్లకే పోయిన మనిషి, యాభై ఏళ్లు బతికిన మనిషికి తండ్రి అయ్యుండొచ్చు. ఎముకలు చెప్పేది చనిపోయినప్పటి వయసు, ఎవరు ముందు పుట్టారన్నది కాదు. ఈ చిన్న సంగతి మర్చిపోయి గీసిన వంశవృక్షాలు నేను చాలానే చూశాను.

తవ్వినవాళ్ల రిపోర్టులో స్త్రీని, బాబును ‘తల్లీ బిడ్డా’ అని రాశారు. అది ఒట్టి ఊహ కూడా కాదు. నుదుటి ఎముక పుట్టుకతో రెండు సగాలుగా ఉంటుంది, మధ్య అతుకు మామూలుగా పసితనంలోనే పూడిపోతుంది. వీళ్లిద్దరికీ అది పూడలేదు. డీఎన్‌ఏ లేని రోజుల్లో చుట్టరికానికి ఇలాంటి గుర్తులే ఆధారం: పూడని అతుకులు, పుర్రె మీద అదనపు చిన్న ఎముకలు, మోచేతి దగ్గర రంధ్రం, దంతాల ఆకారం. వంశంలో నడిచే గుర్తులే ఇవి. కానీ తల్లి నుంచి వచ్చిందా, తండ్రి వైపు నుంచి వచ్చిందా అన్నది వాటితో తేలదు.

మా ముందుకు వచ్చిన ప్రశ్న

మ్యూజియం గ్యాలరీని కొత్తగా సర్దుతున్నారు. ఆ జంట పక్కన పెట్టే బోర్డు మీద ‘తల్లీ బిడ్డా’ అని రాయొచ్చో లేదో చెప్పమన్నారు. వాళ్లకు కావలసింది రెండు అస్థిపంజరాల మీద ఒక్క పరీక్ష.

ఆ పద్ధతికి నేను ఒప్పుకోలేదు. ఇద్దరిని మాత్రమే పరీక్షిస్తే వచ్చేది ఒక అంకె, అంటే దగ్గరితనం ఏ స్థాయిదో అంతవరకే. మొదటి స్థాయి అంటే తల్లీ బిడ్డా కావచ్చు, తోబుట్టువులూ కావచ్చు. రెండో స్థాయి అంటే అమ్మమ్మా మనవడూ, మేనత్తా మేనల్లుడూ, తల్లో తండ్రో ఒకరే అయిన తోబుట్టువులూ, ఎవరైనా కావచ్చు. అంకెను చుట్టరికంగా మార్చాలంటే చుట్టూ ఉన్నవాళ్లు కూడా కావాలి.

పడుకోబెట్టిన భంగిమను నమ్మకపోవడానికి కూడా కారణాలున్నాయి. రష్యాలోని సుంగీర్‌లో సుమారు 34,000 ఏళ్ల కిందట తలకు తల ఆనించి పాతిపెట్టిన ఇద్దరు పిల్లలు తోబుట్టువులే అని చాలాకాలం అనుకున్నారు. 2017లో వచ్చిన జన్యు ఫలితాల్లో వాళ్లు దగ్గరి బంధువులు కారని తేలింది. ఆస్ట్రియాలోని క్రెమ్స్-వాఖ్‌బెర్గ్‌లో ఒకే గుంతలో దొరికిన, దాదాపు 31,000 ఏళ్లనాటి ఇద్దరు పసికందులు మాత్రం అచ్చమైన కవలలే అని 2020లో రుజువైంది. పక్కపక్కన ఉండటం ఒకచోట నిజం చెప్పింది, ఇంకోచోట చెప్పలేదు. మా కేసుకు ఇంకా దగ్గరిది జర్మనీలోని ఓయ్‌లౌ. అక్కడ ఒక సమాధిలో తల్లి, తండ్రి, ఇద్దరు కొడుకులు ఉన్నట్టు 2008లో తేల్చారు. పక్క సమాధిలో ఒక స్త్రీతో ఉన్న పిల్లలకు మాత్రం ఆమె మైటోకాండ్రియా డీఎన్‌ఏ (తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చేది) లేదు, అంటే ఆమె వాళ్ల తల్లి కాదు.

ఆరుగురి నుంచి నమూనా తీసుకోవడానికి మ్యూజియం ఒప్పుకుంది. పురిటికందును పక్కన పెట్టాం. కారణం చివర్లో చెబుతాను.

నమూనాలు

చెవి లోపలి భాగాన్ని కప్పి ఉండే పెట్రస్ అనే గట్టి ఎముకలో డీఎన్‌ఏ బాగా నిలుస్తుంది. అయితే దాన్ని కోస్తే తిరిగి రాదు. అందుకే ముందు సీటీ స్కాన్ తీసి, ఒక పక్కదే కోశాం, రెండో పక్కది భవిష్యత్తుకు వదిలేశాం. బాబు విషయంలో మాత్రం పుర్రె చెక్కుచెదరకుండా ఉండటంతో మ్యూజియంవాళ్లు మొదట పన్ను ఇచ్చారు. పాత తవ్వకాల ఎముకలను చాలామంది ఉత్త చేతుల్తో పట్టుకుని, జిగురు పూసి, కడిగి ఉంటారు. ఆ పంటి నుంచి వచ్చిన మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఒక మనిషిది కాక ఇంకొకరి వరసలు కూడా కలిసి ఉన్నాయి.

అప్పుడు రెండు దారులు కనిపించాయి. పాత డీఎన్‌ఏ ముక్కల చివర్లలో ‘సి’ అక్షరం పాడై ‘టి’గా చదవబడుతుంది. ఆ గుర్తు ఉన్న ముక్కలను మాత్రమే ఏరుకుంటే ఇటీవలి మనిషి డీఎన్‌ఏ చాలావరకు పోతుంది. చేసి చూస్తే మిగిలిన డేటా మరీ పల్చబడింది. చుట్టరికం పనిలో కలుషితమైన నమూనా ఇంకో రకంగా కూడా ప్రమాదం. రెండు ఎముకల్లోకి ఒకే బయటి మనిషి డీఎన్‌ఏ చేరితే, ఏ సంబంధం లేనివాళ్లు కూడా బంధువుల్లా కనిపిస్తారు. అందుకని పన్ను ఫలితం మొత్తం పక్కన పెట్టి, పెట్రస్ కోసం మళ్లీ అనుమతి అడిగాం. కొంత టెన్షన్ నడిచింది గానీ చివరికి ఇచ్చారు. శుభ్రమైన డేటా వచ్చింది.

మొదటి లెక్క, అది ఎందుకు చెడింది

ప్రాచీన నమూనాల్లో డేటా తక్కువ కాబట్టి ఒక్కో స్థానంలో తల్లి నుంచి వచ్చిన అక్షరం, తండ్రి నుంచి వచ్చిన అక్షరం రెండూ తెలియవు. అందుకే ఒక సులువైన పద్ధతి వాడతారు. జన్యువుల్లో మనిషికీ మనిషికీ తేడా ఉండే లక్షల స్థానాలు తీసుకుని, ప్రతి స్థానంలో ఇద్దరి నుంచి చెరొక అక్షరం యాదృచ్ఛికంగా ఎంచి, ఎన్నిచోట్ల తేడా వచ్చిందో లెక్కిస్తారు. ఈ తేడా రేటుకు సొంతంగా అర్థం లేదు. ఏమీ కాని ఇద్దరి మధ్య ఎంత తేడా ఉంటుందో దానితో భాగిస్తేనే అర్థం వస్తుంది. ఏమీ కానివాళ్లకు 1 అయితే, మూడో స్థాయికి 0.9375, రెండో స్థాయికి 0.875, మొదటి స్థాయికి 0.75, ఒకే మనిషికి లేదా అచ్చమైన కవలలకు 0.5. చుట్టరికం దగ్గరయ్యేకొద్దీ అంకె దిగుతుంది.

ఆ ‘1’ ఎక్కడి నుంచి తేవాలన్నదే చిక్కు. రీడ్ అనే ప్రోగ్రాం మామూలుగా ఇచ్చిన జతలన్నిటి మధ్యస్థ విలువను తీసుకుంటుంది. ఎక్కువ జతలు ఒకరికొకరు ఏమీ కారన్న నమ్మకం మీద అది నడుస్తుంది. పెద్ద శ్మశానం మొత్తం ఇస్తే ఆ నమ్మకం నిలుస్తుంది. మా దగ్గర ఉన్నది ఒకే గదిలోని ఆరుగురు, పదిహేను జతలు.

ఫలితం చూసి మ్యూజియంవాళ్లు నీరుగారిపోయారు. మొదటి స్థాయి జత ఒక్కటీ లేదు. ఏడు జతలు 0.86 దగ్గర, అంటే రెండో స్థాయిలో తేలాయి. స్త్రీ, బాబు సరిగ్గా 1 దగ్గర ఉన్నారు, అంటే ఒకరికొకరు ఏమీ కారు. బలి ఇచ్చిన పిల్లాడేమో, పెంచుకున్నవాడేమో అని అప్పుడే కథలు మొదలయ్యాయి.

నన్ను ఆపింది వేరే రెండు అంకెలు. పెద్దావిడకీ పెద్దాయనకీ మధ్య 1.14, పెద్దావిడకీ పాపకీ మధ్య కూడా అంతే. ఏమీ కానివాళ్లకన్నా ఎక్కువ పరాయితనం ఎలా వస్తుంది? పూర్వీకులు బొత్తిగా వేరైతే రావచ్చు. ఆ వివరణకు ఊతం కూడా దొరికింది. పెద్దావిడ మొదటి దవడ పంటి ఎనామెల్‌లోని స్ట్రాన్షియం (నేల నుంచి తిండి, నీళ్ల ద్వారా ఒంట్లోకి చేరే మూలకం) నిష్పత్తి ఈ నేలది కాదు. ఆ ఎనామెల్ పుట్టిన తర్వాత మొదటి మూడేళ్లలో ఏర్పడుతుంది, కాబట్టి ఆమె బాల్యం ఎక్కడో గడిచింది. బృందంలో కొందరికి ఇది చాలు అనిపించింది. కానీ ఎక్కడో పెరగడం వేరు, పూర్వీకులు వేరు కావడం వేరు. జనాభాలను పోల్చే విశ్లేషణలో ఆమె మిగతా ఐదుగురి మధ్యనే పడింది. పైగా ఆమె యువకుడికీ ఆ స్త్రీకీ 0.86 దగ్గర ఉంది. కొందరికి దగ్గరై, కొందరికి మాత్రం మామూలు కన్నా పరాయిగా ఉండటం పూర్వీకుల తేడాతో కుదరదు.

బయటివాళ్లను తెచ్చుకున్నాం

బేస్‌లైన్, అంటే ఆ ‘1’కు పెట్టుకున్న కొలత, తప్పేమో అన్న అనుమానంతో, అదే కాలానికి చెందిన, ఇంతకుముందే ప్రచురితమైన జీనోమ్‌లను కొన్నిటిని తెచ్చి కలిపాం. ఎక్కడో దూరపు ప్రాంతంవాళ్లు కాబట్టి వీళ్లకు బంధువులు కాలేరు. ఆ ఒక్క గుణం చాలనుకున్నాం.

ఈసారి స్త్రీ, బాబు 0.81కి దిగారు. మొదటి, రెండో స్థాయిల మధ్య గీత 0.8125. అంటే సన్నని తేడాతో మొదటి స్థాయి, తల్లీ బిడ్డా కావచ్చు. మ్యూజియం నుంచి వచ్చిన ఈమెయిల్‌లో సంతోషం తెలుస్తూనే ఉంది.

అయితే ఇప్పుడు పెద్దావిడ, పెద్దాయన 0.93 దగ్గరికి వచ్చారు, మూడో స్థాయి బంధువుల్లా. ఇంతకుముందు 0.86లో ఉన్న ఏడు జతలు 0.69కి పడ్డాయి. 0.69 ఏ చుట్టరికానికీ చెందని అంకె. మొదటి స్థాయికి తక్కువ, కవలలకు చాలా ఎక్కువ. ఒక్క జత ఇలా వస్తే డేటా లోపం అనుకోవచ్చు. జతలన్నీ ఒకే దిక్కుకు, ఒకే నిష్పత్తిలో జరిగితే లోపం జతల్లో లేదు. తూకం రాయి తేలికైతే సరుకు బరువుగా, రాయి బరువైతే సరుకు తేలికగా కనిపించడం లాంటిదే ఇది. మొదటిసారి మా రాయి తేలిక, రెండోసారి బరువు.

కారణం కూడా సూటిగానే ఉంది. దూరపు జనాభాలో మనిషికీ మన మనిషికీ ఉండే తేడా, మన జనాభాలోనే ఏమీ కాని ఇద్దరి మధ్య ఉండే తేడా కన్నా ఎక్కువ. వాళ్లను కొలతగా పెడితే మనవాళ్లంతా ఒకరికొకరు చుట్టాల్లా కనిపిస్తారు.

ఈలోగా బాబు మైటోకాండ్రియా వరస పూర్తిగా వచ్చింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. స్త్రీ వరసకీ బాబు వరసకీ తేడా ఒక్కచోట ఉండి ఉంటే కొత్తగా పుట్టిన మార్పు అని సందేహించేవాళ్లం. ఇక్కడ తేడాలు చాలాచోట్ల ఉన్నాయి, రెండూ వేర్వేరు శాఖలు. ఆమె ఆ బాబుకు తల్లి కాదు. బేస్‌లైన్ ఏదైనా ఈ మాట మారదు. అందుకే ఏ జతలోనైనా తల్లి అన్న అనుమానం ఉంటే ముందు చూడాల్సింది ఇదే. చుట్టరికాన్ని రుజువు చేసే శక్తి దానికి తక్కువ గానీ, కొట్టిపారేసే శక్తి చాలా ఎక్కువ.

ఏది పనిచేసింది

అదే శ్మశానంలో దూరదూరంగా ఉన్న ఒంటరి సమాధులు కొన్ని ఉన్నాయి. కాలం అదే, పూర్వీకులు అదే రకం. ఒక్కో సమాధి నుంచి ఒక్కరినే తీసుకున్నాం, వాళ్లలో వాళ్లకు బంధుత్వం ఉండే అవకాశం తగ్గాలని. అవకాశం తగ్గితే చాలదు కాబట్టి పరీక్షించాం కూడా. తేడా రేట్లు అన్నీ ఒకచోట గుమికూడాయి, ఎవరూ కిందికి జారలేదు. డేటా బాగున్నవాళ్లలో, ఉమ్మడి పూర్వీకుడి నుంచి ఇద్దరికీ వచ్చిన పొడవైన జన్యు ముక్కల కోసం ఏన్స్‌ఐబీడీ పద్ధతితో వెతికాం. దానికి జీనోమ్ సగటున కనీసం 0.25 సార్లైనా చదివి ఉండాలి. పొడవైన ముక్కలు దొరకలేదు. ఒకే మనిషిలో తల్లి కాపీ, తండ్రి కాపీ ఒకేలా ఉండే పొడవైన భాగాలు కూడా చూశాం. అవి లేకపోవడంతో తల్లిదండ్రులు దగ్గరి బంధువులయ్యేంత ఇరుకైన సమాజం కాదని తెలిసింది. ఇరుకైన సమాజమే అయ్యుంటే ‘ఏమీ కానివాళ్లు’ అన్న మాటకే అర్థం పలచబడేది.

ఈ స్థానిక బేస్‌లైన్‌తో ఏడు జతలు 0.75 చుట్టూ, ఐదు 0.875 చుట్టూ, ఒకటి వాటికి కాస్త పైన, రెండు 1 దగ్గర కూర్చున్నాయి. మొదటి జాబితాలోని ప్రతి అంకెనీ 0.875తో గుణిస్తే ఈ జాబితానే వస్తుంది. పదిహేనింటిలో మధ్యది, అంటే ఎనిమిదోది, రెండో స్థాయి జత కావడంతో ప్రోగ్రాం దాన్నే ‘ఏమీ కానివాళ్లు’ అనుకుంది. సమాధి నిండా బంధువులే కావడం వల్ల బంధుత్వం కనిపించకుండా పోయింది.

ఇక అంకెల నుంచి మనుషులకు రావాలి. ఈ పనిలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఇదే, పెన్నూ కాగితం చాలు. పెద్దాయన, పెద్దావిడ ఒకరికొకరు ఏమీ కారు. కానీ ఇద్దరూ యువకుడికి మొదటి స్థాయి, ఇద్దరూ స్త్రీకి కూడా మొదటి స్థాయి. ఇద్దరూ యువకుడి పిల్లలైతే తమలో తాము తోబుట్టువులు కావాలి. ఒకరు తండ్రి, ఇంకొకరు కూతురు అయితే తాతా మనవరాళ్లు కావాలి. ఎలా గీసినా వాళ్లిద్దరి మధ్య బంధుత్వం వచ్చి తీరుతుంది, ఒక్క రకంగా తప్ప. వాళ్లిద్దరూ తల్లిదండ్రులు, యువకుడూ స్త్రీ వాళ్ల పిల్లలు. పెద్దావిడ, స్త్రీ, యువకుడు ముగ్గురిదీ ఒకే మైటోకాండ్రియా వరస. పెద్దాయన, యువకుడు, బాబు ముగ్గురిదీ ఒకే వై క్రోమోజోమ్, అది తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది. గమనించండి, ఇక్కడ వయసు సాయం అక్కర్లేకపోయింది. ఇద్దరి మధ్య సంబంధం లేకపోవడమే తరాల వరసను తేల్చింది.

బాబు యువకుడికి మొదటి స్థాయి, పెద్దాయనకీ పెద్దావిడకీ రెండో స్థాయి. సొంత తమ్ముడైతే ఆ ఇద్దరికీ మొదటి స్థాయి కావాలి. ఆరేడేళ్లవాడు తండ్రి కాలేడు. కాబట్టి యువకుడి కొడుకు. అంటే చేయి వేసి ఉన్న స్త్రీ వాడి మేనత్త. పూడని నుదుటి అతుకు చుట్టరికపు గుర్తే అయ్యుండొచ్చు, పాత రిపోర్టు అంతవరకు నిజానికి దగ్గరగానే ఉంది.

పాప చిక్కు

పాప పెద్దాయనకు మొదటి స్థాయి, యువకుడికీ స్త్రీకీ రెండో స్థాయి, బాబుకు మూడో స్థాయి, పెద్దావిడకు ఏమీ కాదు. చూడగానే అందరూ అన్నది ఒకటే: పెద్దాయనకు వేరే భార్య వల్ల పుట్టిన కూతురు. బ్రిటన్‌లోని హేజిల్టన్ నార్త్ సమాధిలో ఒక పురుషుడు, అతని పిల్లలకు తల్లులైన నలుగురు స్త్రీలు, వాళ్ల నుంచి ఐదు తరాల వంశం బయటపడ్డాయి. 35 మందిలో 27 మంది ఆ ఒక్క కుటుంబమే. కనుక ఈ ఊహ వింతేమీ కాదు.

కానీ ఇంకో చెట్టు కూడా గీసి చూడండి. పాప పెద్దాయన సొంత చెల్లెలు అనుకుందాం. అప్పుడు అతనికి మొదటి స్థాయి. అతని పిల్లలకు మేనత్త కాబట్టి రెండో స్థాయి. మనవడికి మూడో స్థాయి. అతని భార్యకు ఏమీ కాదు. ఐదు జతల్లో ఐదూ సరిపోయాయి. స్థాయిల లెక్క ఎంత కచ్చితంగా చేసినా ఈ రెండు చెట్లను విడదీయలేదు.

మైటోకాండ్రియా వరస పాపదీ పెద్దాయనదీ ఒకటే, చెల్లెలి వైపే మొగ్గు. కానీ ఆ వరస ఆ శ్మశానంలో ఇంకా కొందరికి ఉంది. ఆ శాఖకే చెందిన వేరే స్త్రీ పాపకు తల్లి అయ్యుండొచ్చు. తేలని ఆధారం మీద బరువు పెట్టదలుచుకోలేదు.

ఎముకలోని కార్బన్‌ను బట్టి కాలం కట్టే రేడియోకార్బన్ పద్ధతి సాయపడుతుందని కొందరు ఆశపడ్డారు. ఒక తరం అంటే పాతిక, ముప్పై ఏళ్లు. క్యాలిబ్రేషన్ (ఆ కొలతను క్యాలెండర్ ఏళ్లలోకి మార్చడం) తర్వాత ఒక్కో తేదీ పరిధి వందేళ్లు దాటడం మామూలే. పాప తేదీ, పెద్దావిడ తప్ప మిగతావాళ్ల తేదీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మిగిలింది జన్యువులను ఇంకా లోతుగా చదవడం. ఆరుగురినీ చదివించడానికి డబ్బూ లేదు, అవసరమూ లేదు. పెద్దాయన, పాప ఇద్దరి ఎముకల నుంచి ముందే తీసిన డీఎన్‌ఏ ద్రావణంలో మిగిలినదాన్నే మళ్లీ సీక్వెన్సింగ్‌కు పంపాం, కొత్తగా ఎముక కోయలేదు. తర్కం ఇది. తండ్రి తన ఒకే ఒక్క ఎక్స్ క్రోమోజోమ్‌ను కూతురికి మొత్తంగా ఇస్తాడు. పాప కూతురైతే, పెద్దాయన ఎక్స్ మీద ఉన్న ప్రతి అక్షరం ఆమె రెండు కాపీల్లో ఒకదానిలోనైనా ఉండాలి. చెల్లెలైతే సగటున సగం ఎక్స్ మీదే అలా ఉంటుంది. మిగతా క్రోమోజోముల్లోనూ అంతే. తండ్రీ కూతుళ్లు ప్రతిచోటా ఒక కాపీ పంచుకుంటారు. తోబుట్టువులు దాదాపు పావు వంతు చోట్ల ఏమీ పంచుకోరు, పావు వంతు చోట్ల రెండూ పంచుకుంటారు.

పెద్దాయన అక్షరం పాప రెండు కాపీల్లోనూ లేని స్థానాలు కనిపించాయి. అవి అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉంటే చదవడంలో వచ్చిన పొరపాట్లు అనేవాణ్ణి. ఇవి పొడవైన పట్టీలుగా, ఎక్స్ మీదా మిగతా క్రోమోజోముల మీదా బారులు తీరి ఉన్నాయి. పొరపాట్లు బారులు తీరవు. పాప పెద్దాయన సొంత తోబుట్టువు.

అంటే ఆ గదిలో చిన్నపిల్లలా కనిపించే పాప బాబు తరానిది కాదు, వాడి తాత తరానిది. పాత తవ్వకపు డ్రాయింగ్ మళ్లీ తీసి చూస్తే ఆమె ఎముకలు మిగతా అందరికన్నా కింద ఉన్నాయి. అప్పట్లో ‘చెదిరినవి’ అని రాసి వదిలేశారు.

తేదీలు మళ్లీ చూస్తే

పెద్దావిడ తేదీ మొదటి నుంచీ ఇబ్బంది పెట్టింది. మిగతావాళ్లకన్నా ఒక తరం కాదు, ఎన్నో తరాలు వెనక్కి పోయింది. పూర్వీకుల ఎముకలు తెచ్చి ఈ గదిలో పెట్టారన్న వాదన దీని మీదే నిలబడింది, కుప్పగా పడి ఉండటం కూడా దానికి కలిసొచ్చింది. ఇప్పుడు ఆమె యువకుడికి తల్లి అని తేలింది కాబట్టి ఆ తేదీ అక్షరాలా నిజం కాలేదు. ఎముకలోని ప్రొటీన్ అయిన కొలాజెన్‌లో నత్రజని ఐసోటోపులు (ఒకే మూలకపు తేలిక, బరువు రకాలు) చూస్తే బరువు రకం ఆమెకు మిగతావాళ్లకన్నా ఎక్కువగా ఉంది, చేపలు బాగా తిన్నవాళ్లలో ఉన్నట్టు. నీటిలో కరిగిన పాత కార్బన్ చేపల ద్వారా ఎముకలోకి చేరితే తేదీ పాతబడినట్టు వస్తుంది. పెద్దవాళ్ల ఎముక మారడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి వేరేచోట గడిపిన వయసు నాటి తిండి కూడా అందులో నిలుస్తుంది. పరాయి స్ట్రాన్షియంతో ఇది అతికింది. తేదీలతో వంశవృక్షాన్ని సరిచూడాలనుకున్నాం. చివరికి వంశవృక్షాన్నే బేయీసియన్ మోడల్‌లో (ముందే తెలిసిన సంగతులను లెక్కలో కలిపే గణాంక పద్ధతి) షరతులుగా పెట్టి తేదీల పరిధిని కుదించుకున్నాం.

బోర్డు మీద ఏం రాయాలి

రిపోర్టు చూశాక మ్యూజియం నుంచి ఫోన్ వచ్చింది. “అయితే పెంచిన తల్లి అని రాయొచ్చా అండీ?” అని అడిగారు. వద్దన్నాను. మేనత్త అని రాయండి, అది తేలిన విషయం. ఎవరు పెంచారో డీఎన్‌ఏ చెప్పదు. చేయి అలా వేసింది ఆమె కాదు, పాతిపెట్టినవాళ్లు. బాబు తల్లి ఈ గదిలో లేదు. వేరేచోట పాతిపెట్టారా, బతికే ఉందా, తన పుట్టింటికి వెళ్లిపోయిందా అన్నది ఈ ఎముకల్లో లేదు.

ఆ స్త్రీ విషయంలో కూడా కథ అల్లాలన్న ఆశ పుట్టింది. ఫ్రాన్స్‌లోని గుర్జీ శ్మశానంలో ఏడు తరాల్లో 64 మందిని ఒకే వంశవృక్షంలో పెట్టిన అధ్యయనం 2023లో వచ్చింది. అక్కడ కొడుకులు ఊళ్లోనే ఉండి, పెద్దయ్యాక కూతుళ్లు బయటికి వెళ్లినట్టు కనిపిస్తుంది. మా గదిలో ముప్పై దాటిన కూతురు తల్లిదండ్రుల దగ్గరే ఉంది. వెళ్లలేదేమో, వెళ్లి తిరిగి వచ్చిందేమో, చనిపోయాక తెచ్చారేమో. ఎనామెల్ బాల్యం గురించే చెబుతుంది, అది స్థానికమే. మూడింటికీ సరిపోయే ఎముకలను చూపించి ఒకటి ఎంచుకోవడం మా పని కాదు.

దీని తర్వాత మా ల్యాబ్‌లో కొన్ని అలవాట్లు మారాయి. ఒకే సమాధి నుంచి వచ్చిన నమూనాలకు బేస్‌లైన్‌ను వాటిలోంచే తీయడం మానేశాం. అదే శ్మశానం నుంచి పోలికకు నమూనాలు ఇవ్వలేమంటే, ముందే ఆ పరిమితి రాసి పంపుతున్నాం. ప్రతి రిపోర్టులో మిగిలిన చెట్టును మాత్రమే కాక, అదే అంకెలకు సరిపోయి తర్వాత కొట్టివేసిన చెట్లను కూడా, వేటి వల్ల కొట్టివేశామో రాసి గీస్తున్నాం. మూడో స్థాయి జతలను ఒంటరిగా ఎక్కడా చెప్పడం లేదు. పాపకీ బాబుకీ మధ్య వచ్చిన ఆ ఒక్క అంకె, మిగతా చెట్టు లేకపోతే నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

పురిటికందు సంగతి. పసికందుల చెవి ఎముక నిజానికి డీఎన్‌ఏకి మంచి చోటే. ఇక్కడ దొరికింది ఒక పక్కది మాత్రమే, అదీ విరిగిన ముక్క. ఇప్పటి పద్ధతులతో తీస్తే ఏమీ మిగలదు. స్త్రీ తుంటి దగ్గర దొరికింది కాబట్టి ఆమె బిడ్డేనా అని తెలుసుకోవాలన్న ఆత్రం అందరికీ ఉంది, నాకూ ఉంది. ఉన్న ఒక్క ముక్కనూ దానికి ఖర్చు చేయకూడదని మ్యూజియమూ మేమూ కలిసి నిర్ణయించాం. సీటీ స్కాన్ తీసి, తక్కువ పొడితో పని జరిగే పద్ధతి వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దని ఫైల్లో రాసిపెట్టాం. బోర్డు మీద ఆ బిడ్డ దగ్గర చుట్టరికం గడి ఖాళీగా వదిలారు.